ఒక తీగ, పలు శ్రుతులు

ఔత్సాహిక రేడియోవారు ఇంటికప్పునకును పెరటి చెట్టునకును నడుమ కట్టుకొను తీగ ఏరియల్ చరిత్రను వ్రాయబూనినవాడు, విద్యుచ్ఛాస్త్ర గ్రంథములకంటె ముందుగా ప్రభుత్వ శాసనములను తిరుగవేయుట మేలు. ఏలయన, ఒకే తీగతో పలు బ్యాండ్లలో మాటాడవలెనను కోరికకు దారి చూపినవారు శాసనకర్తలే. 1912లో అమెరికా ప్రభుత్వము ఔత్సాహికులను 200 మీటర్ల తరంగదైర్ఘ్యమునకు దిగువకు నెట్టివేసినప్పుడు, ఆ హ్రస్వతరంగములు ఎవరికిని కొఱగానివను నమ్మకమే దానికి మూలము; బీడుభూమిని బీదలకు పట్టా వ్రాసియిచ్చినట్టి దానమది. ఆ బీడే పండినది. 1921 డిసెంబరులో వారి సంకేతములు అట్లాంటిక్ సముద్రమును దాటి, స్కాట్లండు తీరమున ఆర్డ్రోసన్ చెంత గుడారము వేసికొని వినుచున్న పాల్ గాడ్లీ చెవిని బడినవి. 1923 నవంబరులో ఫ్రాన్సునందలి నీస్ నగరమునుండి లియాన్ డెలాయ్, కనెక్టికట్‌నుండి ఫ్రెడ్ ష్నెల్, 110 మీటర్ల ప్రాంతమున పరస్పరము సంభాషించిరి. అంతట ప్రభుత్వములు మేల్కొనెను. 1924లో అమెరికాయు, 1927 నాటి వాషింగ్టన్ మహాసభలో తక్కిన దేశములును హద్దులు గీయగా, ఔత్సాహికుల పాలికి వచ్చినవానిలో ముఖ్యమైనవి 160, 80, 40, 20, 10 మీటర్ల బ్యాండ్లు. చూడుడు, ఒకదానికొకటి సరిగా సగము. ట్రాన్స్‌మిటరునుండి అవాంఛితముగా వెలువడు ద్విగుణ పౌనఃపున్యము పరుల పొలమున గాక ఔత్సాహికుల హద్దులలోనే పడునను సౌకర్యము ఇందు గలదు.

ఈ సగముల వరుస వలననే ఒకే తీగ పలు బ్యాండ్లలో అనునదింపగలదు; చిక్కు దానికి శక్తి నందించుటలో నున్నది. తరంగదైర్ఘ్యములో సగము పొడవు గల అర్ధతరంగ తీగకు మధ్యమున కరెంటు అధికము, కొనలయందు వోల్టేజి అధికము. 7.1 మెగాహెర్ట్జునకు, అనగా 40 మీటర్ల బ్యాండునకు, కట్టిన తీగ రమారమి 20 మీటర్ల పొడవుండును. నేలకు దూరముగా నున్నయెడల మధ్యమున దాని నిరోధము సుమారు 73 ఓములు. ఆ తీగనే 14 మెగాహెర్ట్జులో, అనగా 20 మీటర్లలో, వాడబోయినచో, అనునాదమునకు తీగ సిద్ధముగానే యుండును గాని, మధ్యబిందువున కరెంటు క్షీణించి నిరోధము వేల ఓములకు పెరుగుటచే, శక్తి లోనికి పోవు ద్వారము మూసికొనిపోవును. మూడింతలైన 21లో అది మరల తెరచుకొనును. ఈ ద్వారమును ఎచట పెట్టవలెను, శ్రుతిచేయు చేయి ఎచట నుండవలెను అనునదియే తరువాతి కథ యంతయు.

మొదటి సమాధానము ఆకాశనౌకలనుండి దిగివచ్చినది. హాన్స్ బెగ్గెరోవ్ అను జర్మనునకు చెందిన 1909 నాటి పేటెంటునుండి పుట్టిన 'జెప్' ఏరియల్‌లో, తీగను మధ్యమున గాక కొనయందే, రెండు సమాంతర తీగల ఫీడరుతో పోషింతురు. కొన యెల్ల బ్యాండ్లలోను వోల్టేజి స్థానమే కావున చిక్కు తీరినది. కాని ఫీడరును బ్యాండు బ్యాండునకును శ్రుతిచేయవలసివచ్చెను. ఆనాటి ఔత్సాహికుడు పారఫిన్ మైనములో ఉడికించిన కఱ్ఱపుల్లలతో రెండు తీగలను ఆరంగుళముల యెడమున నిలిపి, గదిలోనికి దెచ్చి, బల్లమీది తీగచుట్టకును కండెన్సరునకును కలిపి, నడుమ నొక టార్చిలైటు బల్బును పెట్టి, అది మిక్కిలి వెలుగువరకు గుండీని మెల్లమెల్లగా త్రిప్పుచుండెడివాడు. బ్యాండు మార్చినప్పుడెల్ల ఒక చుట్టను పెరికి వేరొకదానిని గ్రుచ్చి మరల మొదలుపెట్టవలసినదే. శ్రమయే గాని, తీగ పొడవు కొంత తప్పినను ఆ బల్లయే సర్దుకొనెడిది.

ద్వారమునే జరిపి చూచినవాడు లోరెన్ విండమ్. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమువారి కొలతల నాధారము చేసికొని, 1929 సెప్టెంబరు 'క్యూఎస్‌టీ' పత్రికలో ఆయన, ఒంటితీగ ఫీడరును మధ్యమునకు ప్రక్కగా, కొననుండి మూడవవంతునకు కొంచెము మించిన చోట తగిలింపవలెనని వ్రాసెను. ఇందులో నొక సొగసైన గణితము కలదు. కచ్చితముగా మూడవవంతు బిందువున, మూల పౌనఃపున్యమునకును, దాని రెండింతలకును, నాలుగింతలకును, ఎనిమిదింతలకును కరెంటు పాలు ఒక్కటియే. కాని ఆరింతలకు శూన్యము. 80 మీటర్ల బ్యాండగు 3.5 మెగాహెర్ట్జునకు ఆరింతలనగా 21. విండమ్ నాటికి ఆ బ్యాండే లేదు గనుక ఎవరికిని కష్టము తోచలేదు. 1947లో అట్లాంటిక్ సిటీ సభ దానిని ప్రసాదించిన పిమ్మట, ఆయన పేరు తగిలించుకొని నేటికిని అమ్ముడుపోవు మూడవవంతు ఏరియళ్ళు మొండికెత్తునది ఆ బ్యాండులోనే.

1939లో యుద్ధము రాగానే బ్రిటనులోను మన దేశములోను ఔత్సాహికుల లైసెన్సులు రద్దయ్యెను. శాంతి కుదిరిన తరువాత సైన్యపు మిగులు సరకుగా చవుకగా దొరకిన కోయాక్సియల్ కేబులు ఈ విద్య స్వరూపమునే మార్చివేసినది. గోడలోనుండి, ఇనుప గొట్టము ప్రక్కనుండి, నేల క్రిందనుండి ఎటు తీసికొనిపోయినను అది వినును. కాని చివర తన 50 ఓములకు దరిదాపు నిరోధము కానరానిచో శక్తిని తనలోనే హరించివేయును. కావున శ్రుతి బల్లను విడిచి తీగమీదికి ఎక్కినది. 1955 మార్చి 'క్యూఎస్‌టీ'లో చెస్టర్ బుకానన్ ప్రకటించి, తన సంకేతనామమైన డబ్ల్యు3డిజడ్‌జడ్ పేరనే ప్రసిద్ధము చేసిన ఏరియల్ ఇందుకు సాక్షి. మధ్యమున కిరువైపుల 32 అడుగుల తీగ; దాని చివర చుట్టను, కండెన్సరును సమాంతరముగా గూర్చిన ట్రాపు; దాని యవతల 22 అడుగుల తీగ. 7 మెగాహెర్ట్జులో ట్రాపు తలుపు వేసి బయటి తీగను వేరుచేయును, 3.5లో అదియే చుట్టగా పనిచేసి తీగ కొఱతను పూరించును.

దీనిని శ్రుతిచేయుటకొక క్రమము కలదు, అది తప్పినచో దినమంతయు వ్యర్థము. ట్రాపును తీగకు కట్టకమున్నే గ్రిడ్-డిప్ మీటరుతో పరీక్షించి, పిమ్మట లోపలి తీగలను 40 మీటర్లకు, చిట్టచివరనే బయటివానిని 80 మీటర్లకు సరిచేయవలెను. బయటి తీగను పొట్టిచేసినచో 40 చెదరదు, లోపలిదానిని ముట్టినచో రెండును చెదరును. పైగా పుస్తకములలోని సూత్రము వట్టి రాగితీగకు చెప్పినది. ప్లాస్టిక్ తొడుగు గల తీగ అంతకంటె కొంత పొట్టిగా నుండవలెను. కత్తెర తిరిగి అతికింపజాలదు గనుక, కొనను మడచి తీగకే చుట్టుట వివేకుల పద్ధతి.

ఈ చరిత్రలో అపార్థమునకు మిక్కిలి గురియైనది, నా దృష్టిలో, లూయీ వార్నీ 1946లో రూపొందించి 1958లో ప్రకటించిన జి5ఆర్‌వి అను ఏరియల్. దాని 102 అడుగుల తీగ 14 మెగాహెర్ట్జులో మూడు అర్ధతరంగములు. క్రింది 34 అడుగుల ఓపెన్‌వైరు (రెండు సమాంతర తీగల) ఫీడరు అచటనే ఒక అర్ధతరంగమై, మధ్యబిందువు నిరోధమును యథాతథముగా క్రిందికి దింపును. అనగా సులభముగా కుదురునది 20 మీటర్లలో; తక్కిన చోట్ల చాలవరకు, బల్లమీద శ్రుతిచేయు పరికరమైన ట్యూనరు కావలసినదే. ఎల్ల బ్యాండ్లలోను ట్యూనరు లేకయే నడచునను ప్రచారము వర్తకులది, ఆయనది కాదు. ఓపెన్‌వైరును కోయాక్సియల్ కేబులుతో పొందుపరచు బెలన్‌ను తొలుత సూచించిన వార్నీయే, తరువాతి వ్రాతలలో దానిని వలదని, వీలైనచో ఓపెన్‌వైరునే గదివరకు తెమ్మని చెప్పెను.

1979లో జెనీవా సభ 10, 18, 24 మెగాహెర్ట్జు బ్యాండ్లను కొత్తగా నొసగుటతో, సగముల వరుసయే తెగిపోయినది. ఒక్కొక్క బ్యాండునకు ఒక్కొక్క ట్రాపు కట్టిన తీగ బరువునకే వ్రేలాడిపోవును. అందువలన పలువురు మరల ఓపెన్‌వైరునకును ట్యూనరునకును మరలిరి. తయారీదారులు రిలేలతో చుట్టలను తమంతట ఎన్నుకొను ట్యూనరును ట్రాన్స్‌రిసీవరు పెట్టెలోనే ఇమిడ్చిరి. ఆ లోపలి ట్యూనర్లలో చాలవరకు 3:1 ఎస్.డబ్ల్యు.ఆర్.ను (నిరోధములు ఎంత పొసగలేదో తెలుపు నిష్పత్తిని) మించి సర్దుకొనజాలవు గనుక, తాడు వదలి తీగను దించి కొన మడచు పని తప్పలేదు.