బైబిలు బొమ్మ మీది సంతకం: అచ్చులో పడిందా, చేత్తో పెట్టిందా?

బ్రిటిష్ చిత్రకారుడు హెరాల్డ్ కాపింగ్ (1863–1932) పాలస్తీనా వెళ్లి, అక్కడి మనుషులనూ వీధులనూ చూసి వచ్చి బైబిలు ఘట్టాలను నీటిరంగుల్లో వేశాడు. వాటితో 1910లో ‘ది కాపింగ్ బైబిల్’ వెలువడింది. ఆ తర్వాత ఆయన బొమ్మలు పోస్టుకార్డులుగా, ఆదివారపు బడి కార్డులుగా లెక్కలేనన్ని ప్రతుల్లో తిరిగాయి. ఇలాంటి బొమ్మల్లో మూలన కనిపించే సంతకం చిత్రకారుడు అసలు చిత్రం మీద పెట్టినది. బొమ్మతో పాటు అదీ అచ్చయింది. కాబట్టి అది ఎవరు వేశారో చెబుతుంది గానీ, ఆ కాగితాన్ని ఆయన తాకాడని చెప్పదు.

అచ్చు తీశాక అంచున పెన్సిలుతో సంతకం చేసే పద్ధతి 1880ల నుంచి, ముఖ్యంగా విస్లర్, సేమౌర్ హేడెన్ వంటివారి వల్ల స్థిరపడింది. పక్కన 12/50 అని ఉంటే, మొత్తం 50 ప్రతుల్లో అది 12వదని అర్థం.

తేడా తెలుసుకోవడానికి భూతద్దం చాలు. పెన్సిలు గీత వెలుతురులో పక్కకు వంచి చూస్తే సన్నగా మెరుస్తుంది. అచ్చు సంతకం బొమ్మలోని సిరాలాగే ఉంటుంది, తరచు చుక్కలుగా విడిపోతుంది. అయితే సంతకం ఒక్కటే చూస్తే చాలదు. 1909లో బైబిలులోని ‘పరమగీతము’కు బొమ్మలు వేసిన విలియం రస్సెల్ ఫ్లింట్, తన రంగుల చిత్రాల పునర్ముద్రణల మీదా స్వయంగా సంతకాలు చేశాడు. అక్కడ సంతకం అసలుదే, బొమ్మ మాత్రం నకలు.

చెక్క అచ్చు సంగతి వేరు. తెలుగు లూథరన్ పాస్టరు, చిత్రకారుడు పులిదిండి సాల్మన్ రాజ్ (జననం 1921) క్రీస్తు కథను బాతిక్ బట్టల మీదా, చెక్క అచ్చుల్లోనూ భారతీయ రూపాలతో చెప్పారు. చెక్క అచ్చుకు ముందు వేరే రంగుల చిత్రం ఉండనక్కర్లేదు. చెక్కిన పలకకు సిరా పూసి తీసిన ప్రతి కాగితమూ అసలు చిత్రమే. అదే బొమ్మను ఫొటో తీసి పుస్తకంలో వేస్తే మళ్లీ నకలే.

అందుకే పాత ఇంట్లో దొరికిన బైబిలు బొమ్మకు వెల కట్టేముందు వరసగా మూడు ప్రశ్నలు వేసుకోవాలి: బొమ్మ ఎలా అచ్చయింది, సంతకం దేనితో పెట్టారు, ఎన్ని ప్రతులు తీశారు. పేరు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.