చలువ, చల్లదనం: దక్షిణ రాయలసీమ మంచుసోడా చరిత్ర

దక్షిణ రాయలసీమ వేసవి పానీయాలను పరిశీలించేటప్పుడు ‘చలువ’, ‘చల్లదనం’ అనే భావనలను వేరుచేసి చూడాలి. చలువ దేహానికి సంబంధించినది. నన్నారి, మజ్జిగ, సబ్జా గింజలు ఈ కోవలోనివి. చల్లదనం ఉష్ణోగ్రతకు సంబంధించినది. మంచుగడ్డగా అది వెలుపలి నుంచి వచ్చింది. 1833లో కలకత్తాకు అమెరికా మంచు చేరింది. 1842లో మద్రాసులో ఐస్‌హౌస్ వెలిసింది. 1872లో హైరం కాడ్ ఇంగ్లండులో పేటెంటు పొందిన సీసాయే మన గోలీసోడాకు మూలం.

తిరుపతి, చిత్తూరు వీధుల నన్నారి సోడాలో ఈ రెండూ కలిశాయి. ఫ్రిజ్ ఆ కలయికను వంటింటికి తెచ్చింది. చక్కెర నీటి ఘనీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. అందుచేత నన్నారి పానకం కలిపిన నీటిని మధ్యమధ్య కలియబెడితే గట్టి గడ్డ కాక మంచురవ్వ అవుతుంది. సోడాను చివర పోస్తేనే గ్యాసు నిలుస్తుంది. సీసానే గడ్డకట్టిస్తే నీరు వ్యాకోచించి గాజు పగులుతుంది.

కనుక ఇంటి మంచుసోడాను పరాయి అనుకరణగా మాత్రమే పరిగణించడం సరికాదు. మంచు వ్యాపారానికి దస్త్రాలున్నాయి. వంటింటి పరిజ్ఞానానికి మౌఖిక చరిత్రే ప్రధాన ఆధారం. దానిని సేకరించడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.