పహాణీలో మా ముత్తాత

మన పెద్దల చరిత్ర అనగానే జోడేఘాట్, కుమ్రం భీం గుర్తుకు వస్తారు. రావాలి కూడా. అయితే ఆ రోజుల్లోనే పోడు కొట్టుకుని, జొన్న పండించుకుని, ఏ పుస్తకంలోనూ పేరు లేకుండా వెళ్ళిపోయినవాళ్ళే మనలో ఎక్కువమందికి తాతలు. ఉట్నూరు వైపు గోండు రైతు అయిన మా ముత్తాత అలాంటి మనిషే. ఆయన జాడ కాగితాల్లో దొరుకుతుందేమోనని మా ఇంట్లోవాళ్ళం అందరం కలిసి వెతికాం.

మొదటి చిక్కు లిపి. నిజాం కాలపు రెవెన్యూ రికార్డులు ఉర్దూలో ఉంటాయి, సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. 1356 ఫసలీ అంటే 1946. చదివిపెట్టే పెద్దమనిషి దొరికాక రెండో చిక్కు ఎదురైంది. మేము చూసిన పేజీల్లో మనిషి పేరు, 'వల్ద్' అని తండ్రి పేరు ఉన్నాయి గానీ ఇంటిపేరు లేదు. జంగు, భీము, లచ్చు అనే పేర్లు ఊరికి నలుగురికి ఉండే మన దగ్గర ఇంటిపేరు లేకుంటే ఎవరిని మనవాడనుకోవాలి?

అక్కడ మా ప్రధాన్ అందుకున్నారు. కిక్రీ వాయిస్తూ సగా కథ చెప్పే ఆయనకు మావాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారో వరుసగా తెలుసు. ఆ ఊళ్ళను రిజిస్టర్ పక్కన పెట్టి చూస్తే, అదే పేరున్న ముగ్గురిలో ఇద్దరు తప్పుకున్నారు. మిగిలినాయన మా ముత్తాత. రాయడం రాని ఆ ప్రధాన్ లేకుంటే ఉర్దూ కాగితం మాకు ఎందుకూ పనికొచ్చేది కాదు.

1940లో భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితి పరిశీలించమని హైమెండార్ఫ్ దొరను పంపింది. ఆ తరువాతి ఏళ్ళలో వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. మా ముత్తాతకూ వచ్చింది. అడవికి రిజర్వు హద్దులు వేసి ఊరు ఖాళీ చేయించాక, మళ్ళీ ఆయన పేరు మీద భూమి కనబడేది అక్కడే.

తరువాత 1954-55 ఖాస్రా పహాణీ తీశాం. పట్టాదారు గడిలో ఆయన పేరే ఉంది. సాగు చేస్తున్నవారి గడిలో మాత్రం మన జాతి కాని మరొకరి పేరు ఉంది. పట్టా చేతికొచ్చి పదేళ్ళు అయ్యాయో లేదో! అప్పా, కౌలా, బెదిరింపా? పహాణీకి అది పట్టదు. మా పెద్దత్త చెప్పింది: ఎడ్లు రెండూ చచ్చిన ఏడు విత్తనాలకు అప్పు చేశారట, వేలిముద్ర వేశారట, ఆ మరుసటి వానాకాలం చేనులో వేరేవాళ్ళ నాగలి తిరిగిందట. 1/70 చట్టం అప్పటికింకా రాలేదు. ముత్తాత పిల్లలను తీసుకుని మళ్ళీ అడవి అంచుకే వెళ్ళారు.

మావాళ్ళు ఇప్పుడు దున్నుతున్నది ఆ అంచు భూమినే. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో పెద్దల మాటను రాతలో పెట్టినా సాక్ష్యంగా తీసుకుంటారు. అయితే హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పాలి. అందుకని ఊరి ముసలివాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాం. పట్టాలు ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా ఇలా రాసిపెట్టుకోవాలని మా మాట. ముసలివాళ్ళు మన కోసం ఆగరు కదా.

ఇంత వెతికినా ముత్తవ్వ పేరు ఒక్క కాగితంలోనూ దొరకలేదు. పట్టాలో లేదు, పహాణీలో లేదు. పెద్దత్త ఒక్కతే చెప్పగలిగింది. మా హాస్టల్ ఆడపిల్లలు సెలవులకు ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఇంటి పెద్దల పేర్లు రాసుకురమ్మని ఒక కాగితం ఇస్తున్నాం. అందులో మొదటి గడి అమ్మమ్మ పేరు, రెండోది ఆమె పుట్టిన ఊరు.