ఈజెడ్‌హెచ్2 యాంటీబాడీ

కణాల్లోని ఈజెడ్‌హెచ్2 ప్రోటీన్‌ను గుర్తించడానికి ప్రయోగశాలల్లో వాడే ప్రతిరక్షకం (యాంటీబాడీ). దీన్ని సాధారణంగా కుందేలు లేదా ఎలుక ప్రతిరక్షకంగా తయారు చేస్తారు. ఇది పరీక్షా సాధనమే, మందు కాదు.

లక్ష్యం: ఈజెడ్‌హెచ్2 అనేది పీఆర్‌సీ2 ప్రోటీన్ సముదాయంలోని ఎంజైమ్. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ హెచ్3 ప్రోటీన్‌లో 27వ స్థానంలో ఉన్న లైసిన్‌కు మిథైల్ సమూహాలను చేర్చి, డీఎన్‌ఏ క్రమం మారకుండానే జన్యువులను అణచివేస్తుంది. వ్యాపించిన ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఇది అధికంగా ఉంటుందని 2002లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. రొమ్ము క్యాన్సర్‌లోనూ, కొన్ని లింఫోమాల్లోనూ దీని పాత్ర ఉంది.

ఉపయోగాలు: ప్రోటీన్లను పరిమాణం ప్రకారం వేరుచేసి గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో ఈ ప్రోటీన్ పట్టీ, లెక్క ప్రకారం రావలసిన 85 కిలోడాల్టన్ల కంటే పైన, 95–100 మధ్య కనిపిస్తుంది. కణజాల పరీక్షలో డీఏబీ రంగు వేస్తే ప్రోటీన్ ఉన్న కణాల కేంద్రకాలు గోధుమ రంగుకు మారతాయి. క్రొమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్‌లో ఈ ఎంజైమ్ ఏ జన్యువుల వద్ద ఉందో తెలుస్తుంది.

నాణ్యత: ఈజెడ్‌హెచ్1 దీనికి దగ్గరి పోలిక గల ప్రోటీన్. అందువల్ల యాంటీబాడీ దానికి అంటుకోవడం లేదని ముందుగా నిర్ధారించుకోవాలి. ఈజెడ్‌హెచ్2 జన్యువు తొలగించిన కణాల్లో పట్టీ మాయమవడం బలమైన రుజువు. కణజాల పరీక్షలో టాన్సిల్ జర్మినల్ కేంద్రాలు సానుకూల నియంత్రణగా పనికొస్తాయి.

పరిమితి: ఈ యాంటీబాడీ ప్రోటీన్ ఉనికిని చెబుతుంది గానీ దాని పనితీరును చెప్పదు. అమెరికాలో 2020లో అనుమతి పొందిన టాజెమెటోస్టాట్ వంటి మందులు ఎంజైమ్ పనిని అడ్డుకుంటాయి. వాటి ప్రభావం తెలియాలంటే హిస్టోన్ హెచ్3పై ఎంజైమ్ చేర్చిన మిథైల్ గుర్తునే పట్టే మరో యాంటీబాడీ కూడా వాడాలి.