గరాచర్మ మీదుగా

మన తాతల కాలమున 'ద్వీపాంతరము' అన్న మాట చెవిని పడినంతనే ఇంటిల్లపాదికి గుండె జల్లుమనెడిది. న్యాయస్థానములో ఆ శిక్ష పడినవాడు తిరిగి వచ్చునన్న ఆశను బంధువులు విడిచెడివారు. నల్లనీళ్లు దాటినవానికి ఊరు లేదు, కులము లేదు, పంక్తిలో చోటు లేదు. ఆ మాట నిఘంటువులో నేటికిని ఉన్నది. దానిలోని భయము మాత్రము పోయినది. నాడు సంకెళ్లతో దాటించిన సముద్రమునే నేడు నవదంపతులు ముచ్చటపడి దాటుచున్నారు. ఒక శిక్ష పేరు రెండు మూడు తరములలో వేడుక పేరుగా మారుట మన దేశచరిత్రలో అరుదైన సంగతి.

ఆ వేడుకకు నియమితమైన త్రోవ ఒకటి ఏర్పడినది. 1896 మొదలు 1906 వరకు కట్టిన సెల్యులర్ జైలు, ఒకప్పుడు రాస్ అనియు 2018 నుండి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమనియు పిలువబడుచున్న దీవి, హేవ్‌లాక్ అను పూర్వనామము గల స్వరాజ్ ద్వీపమునందలి రాధానగర్ తీరము. ఈ మూటిని చూచినవాడు అండమాను చూచినట్లే లెక్క. అయినను నాలుగవ నాటికి అతని మనసులో ఒక కోరిక పొడమును: అందరును చూచినదే కదా నేనును చూచినది, ఎవరును చూడని దేదియు లేదా? ఈ కోరిక తప్పు కాదు. యాత్ర అన్న మాటకు ప్రాణమే అది. కాని దానికి దొరకు సమాధానము సాధారణముగా ఒక్కటే: ఇంకను దూరముగా, ఇంకను నిర్జనముగా ఉన్న మరియొక ఇసుకతిన్నె. ఈ దీవులలో క్రొత్తదనము దూరములో కంటె లోతులో ఉన్నదని చెప్పుటకే ఈ వ్యాసము. ఆ లోతునకు దిగుటకు తగిన మెట్టు గరాచర్మ.

గరాచర్మ యాత్రికులు దిగు చోటు కాదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమను పేరు పొందిన పోర్ట్ బ్లెయిర్ నగరమునకు దక్షిణపు దిక్కున, దానికి ఆనుకొని పెరిగిన చిన్న పట్టణమిది. అంగళ్లు, బడులు, బస్సు కొరకు వేచియుండు జనము; చూచుటకు ఇంతే. ఈ ప్రాంతమునుండియే దారులు చీలును. ఒకటి దక్షిణపు కొనయైన చిడియాటాపుకు, మరియొకటి సిప్పీఘాట్ మీదుగా వండూరు తీరమునకు పోవును. ఆ రెండు చోట్లకును వాహనములలో పోవువారు గరాచర్మను కిటికీలోనుండి చూచి మరచెదరు. ద్వీపాంతరవాస కాలపు పత్రములలో ఈ పేరు గరాచరామ అని కనబడును. తెలుగు చెవికి దానిలో 'చర్మ' శబ్దము వినబడవచ్చును. కాని చెవికి వినబడినదానిని పట్టుకొని కథ అల్లుట చరిత్ర కాజాలదు. పేరు ఎట్లు పుట్టినను, ఆ పేరు గల నేలను సాగునకు తెచ్చినవారెవరో మనకు తెలియును. వారు ఖైదీలు.

వంగసముద్రములోని ఈ దీవులకు వలస రెండు మారులు జరిగినది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం దీవిలో మొదటి వలసను నెలకొల్పెను. దానిని 1792లో ఉత్తర అండమానునకు తరలించిరి. రోగములకు తాళలేక 1796లో ఎత్తివేసిరి. 1857 సంగ్రామము పిదప, 1858 మార్చి 10న, డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో దిగుటతో రెండవ వలస మొదలయినది. అడవి నరికినవారు, ఉప్పునీటి పర్రలకు కట్టలు వేసి మళ్లుగా మార్చినవారు వీరే. కొన్ని ఏండ్లు సత్ప్రవర్తనతో గడపినవానికి సెలవుచీటి ఇచ్చి, కొంత భూమి చూపి, స్వయముగా బ్రతుకుమనెడివారు. ప్రభుత్వానుమతితో ఖైదీ స్త్రీని వివాహమాడుటకును వీలుండెడిది. అవధ్ పురుషునకు వంగస్త్రీ, పంజాబు వానికి మహారాష్ట్ర వనిత భార్య కావచ్చును. అట్టి ఇండ్లలో పుట్టిన బిడ్డలకు తండ్రి భాష, తల్లి భాష రెండును పోయి హిందుస్తానీ మిగిలినది. అక్కడివారు తమ్ము 'లోకల్ బార్న్' అని చెప్పుకొందురు. మన దేశమున కులముల గోడలను ఏ సంస్కర్తయు పడగొట్టలేని కాలములో ఒక కారాగారము పడగొట్టినదన్న సంగతి విచిత్రమే. అంతటి ఫలితము అంతటి క్రూరసాధనముచే కలిగినదన్నది దుఃఖకరమును.

సముద్రతీర మనగానే మన కన్నులకు తోచునది కొబ్బరిచెట్టు. నికోబారు దీవులలో అనాదిగా పుష్కలముగా ఉన్న ఈ చెట్టు అండమానులో సహజముగా లేకుండెను. వలస వచ్చిన పిదపనే తోటలు వేసిరి. ఈనాడు యాత్రికుడు ఏ నీడను ప్రకృతి ప్రసాదమని తలచి సేదతీరుచున్నాడో, ఆ నీడకు మూలము కూలి లేని శ్రమ. ఇది తెలిసినంతమాత్రమున నీడ చల్లదనము తగ్గదు. కాని దానిక్రింద కూర్చున్నవాని తలపు మారును. క్రొత్త అనుభవమనగా ఇదియే కాదా?

ఇక 'నిర్జనతీర' మన్న మాటను విచారింతము. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపట్ల ఆక-బేయ అను అండమాను జాతివారు నివసించెడివారు. తమ వేటనేల తగ్గుట చూచి 1859 మే నెలలో అబర్డీన్ వద్ద అండమానీయులు వలసపై దండెత్తిరి. వారితో ఒక ఏడాది కలసి బ్రతికి, వారి కుటుంబములో ఒకడైన దూధ్‌నాథ్ తివారీ అను పారిపోయిన ఖైదీ ముందుగా వచ్చి ప్రభుత్వమునకు వార్త చేరవేసెను. విల్లంబులు తుపాకులముందు నిలువలేదు. తివారీకి క్షమాభిక్ష దొరకెను. అతనికి అన్నము పెట్టినవారికి ఓటమి దక్కెను. అటుపిమ్మట యుద్ధము చేయలేని పనిని వ్యాధులు చేసినవి. 1877లో తట్టు వచ్చి గుంపులు గుంపులుగా జనము పడిపోయిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఆక-బేయ జాతి అంతరించినది. ఆక-బో భాష మాట్లాడిన కడపటి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసినది. కావున ఈ దీవులలో మనుష్యుడు లేని తీరము కనబడినప్పుడు, ఇది ఎన్నడును మనుష్యుని ఎరుగనిదా, లేక ఎరిగి పోగొట్టుకొన్నదా అని ప్రశ్నించుకొనుట యాత్రికుని ధర్మము.

గరాచర్మ దాటి వండూరు త్రోవ పట్టినవానికి సిప్పీఘాట్ వచ్చును. ఇక్కడ పాఠము కన్నులకు కట్టినట్లు ఉండును. 2004 డిసెంబరు 26నాటి భూకంపములో దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు క్రుంగినది. సునామీ అల వచ్చి పోయెను; కాని క్రుంగిన నేల మరల లేవలేదు. ఒకప్పుడు వరి పండిన పల్లపు భూములలోనికి పాటుపోటులతో ఉప్పునీరు వచ్చి నిలిచినది. చెట్లు నిలువున ఎండి మోడులైనవి. కొంతకాలమునకు ఆ నీటిలోనికి కొంగలు, ఉల్లంకులు, అండమానుకే ప్రత్యేకమైన ఒక బాతుజాతి చేరినవి. నేడు పక్షులను పరిశీలించువారు వేకువనే వచ్చి రోడ్డు ప్రక్క నిలబడి చూచుచుందురు. రైతునకు నష్టమైనది పక్షికి ఆవాసమైనది. ఈ రెండు నిజములను ఒకేసారి మనసున నిలుపుకొనుట కష్టము. కొంగను చూచి మురిసి, గట్లు మునిగిన రైతును మరచినవాడు సగమే చూచినాడు. గరాచర్మ పరిసరములలోనే 1978లో స్థాపింపబడిన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ కలదు; ఉప్పెక్కిన నేలలో ఏమి పండించవచ్చునన్న ప్రశ్న 2004 పిదప ఈ దీవులకు బ్రతుకుతెరువు ప్రశ్నయే అయినది.

ఇంకను ముందుకు సాగిన, ఊళ్ల పేర్లే చరిత్రపాఠము చెప్పనారంభించును. గుప్తపాడా అన్న పేరు వంగదేశమును తలపించును. దేశవిభజన పిదప 1949 నుండి తూర్పు బెంగాలు కాందిశీకులను ఈ దీవులకు చేర్చిరి. స్వరాజ్ ద్వీపములోని రాధానగర్, గోవిందనగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్ అన్నవియు ఇట్టి నిర్వాసితులు తమ దేవుని పేరు పెట్టుకొన్న పల్లెలే. ఆసియాలో మేటి తీరమని 2004లో ఒక అమెరికా పత్రిక పొగడిన రాధానగర్ నిజమునకు ఇల్లు పోయినవారు పెట్టుకొన్న పేరు.

గుప్తపాడా దాటిన మంజేరి, ఆపై వండూరు. ఇవి కేరళములోని మలప్పురము జిల్లా ఊళ్ల పేర్లు. దక్షిణ అండమానులో కాలికట్, తిరూరు కూడ కలవు. భారత కారాగారముల విచారణ సంఘము 1919-20లో ద్వీపాంతరశిక్షను నిలుపవలెనని సూచించెను. ప్రభుత్వమును సరే యనెను. ఇంతలో 1921 మలబారు తిరుగుబాటు వచ్చినది. శిక్షపడిన మాప్పిళ్లలో అనేకులను ఇక్కడికే పంపిరి, తరువాత వారి కుటుంబములను రప్పించుకొననిచ్చిరి. తిరిగిపోలేనివాడు తన ఊరి పేరునే ఇచ్చట నాటుకొనెను. వండూరులో 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానవనమునకు పడవ ఎక్కి పగడపుదిబ్బలను చూడబోవు వేలమందిలో ఈ పేరెట్లు వచ్చెనని అడుగువారెందరు?

తెలుగువానికి ఈ దీవులు పరాయివి కావు. 1879-80 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడిన కొండవాండ్లలో కొందరు ఈ నల్లనీళ్లు దాటినవారే. 1930లలో కాకినాడ కుట్రకేసున శిక్షపడిన ప్రతివాది భయంకర వేంకటాచారి సెల్యులర్ జైలులో ఉండెను. 1933, 1937 సంవత్సరములలో ఆ జైలులో నిరాహారదీక్షలు జరిగినవి. మొదటిదానిలో మహావీర్ సింగ్ మొదలగు ముగ్గురు ప్రాణములు విడిచిరి. రెండవదాని ఫలితముగా 1938 ప్రారంభమునకు రాజకీయ ఖైదీలందరును స్వదేశము చేరిరి. తరువాతి కాలమున శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరముల నుండి జాలరులు బ్రతుకుతెరువునకు వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల నిలిచిరి. 2011 జనాభా లెక్కలలో దీవుల ప్రజలలో సుమారు 13 శాతము మాతృభాష తెలుగు. అక్కడి చేపల అంగడిలో ఉత్తరాంధ్ర యాసలో బేరమాడు గొంతు వినినప్పుడు కలుగు ఆశ్చర్యమునకు ఏ రుసుమును లేదు.

ఒక కవిని గూర్చి చెప్పక ఈ దారి ముగింపరాదు. పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్ ప్రభుత్వ వైద్యుడుగా ఈ దీవులకు వచ్చి, ఇక్కడి పేరునే తన పేరునకు చేర్చుకొని 'కాలేపాణీ' అయ్యెను. 1942 మార్చిలో జపానుసేన దీవులను ఆక్రమించినది. తమ్ము విడిపింప వచ్చినవారన్న జనుల నమ్మకము త్వరలోనే చెదరినది. ఆ సేన చేతి చిత్రహింసలవలన 1944 జనవరి 14న దీవాన్ సింగ్ సెల్యులర్ జైలులో మరణించెను. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపిరి. కార్బిన్స్ కోవ్ త్రోవన సముద్రపు ఒడ్డున కనబడు కాంక్రీటు గూళ్లు ఆ కాలపువే. యాత్రికులు వాటిపై కూర్చుండి ఛాయాచిత్రములు తీసికొందురు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. నడవని బాట అన్నంతమాత్రమున ప్రతి బాటయు మనది కాదు. దక్షిణ, మధ్య అండమానులలో జారవా జాతి నివసించుచున్నది. 1956 నాటి సంరక్షణ శాసనము వారి నేలలోనికి ఇతరులు పోరాదని నియమించినది. అయినను ఆ అడవిని చీల్చుకొని పోవు రహదారిపై, మృగములను చూడబోయినట్లు మనుష్యులను చూడబోవు జనము ఉండిరి. 2018లో ఒక విదేశీయుడు ఉత్తర సెంటినెల్ దీవికి దొంగతనముగా పోయి ప్రాణము కోల్పోయెను. ఆక-బేయ జాతి గతి తెలిసినవానికి ఈ నియమము ప్రభుత్వపు ఆంక్షగా తోచదు. ఒక తట్టుజ్వరము చాలును, ఒక భాష ఆరిపోవుటకు. పోకుండుట కూడ ఒక యాత్రానుభవమే. బహుశా అన్నిటికంటె అరుదైనది.

దీవుల పేర్లు మారుచున్నవి. రాస్, హేవ్‌లాక్ వంటి పరపాలకుల పేర్లు పోవుటకు చింతింపనక్కరలేదు. కాని మంజేరి, గుప్తపాడా, గరాచర్మ వంటి పేర్లు ఏ పాలకుడును ఘనతకై పెట్టినవి కావు. వీటిలో కొన్ని నిర్వాసితుల జ్ఞాపకములు, కొన్ని ఖైదీల చెమట. వీటిని శాసనములు కాపాడవు, శిలాఫలకములు చాటవు. ఊరివారు పలుకుచున్నంత కాలము, వచ్చినవారు అడుగుచున్నంత కాలము మాత్రమే అవి అర్థవంతములై నిలుచును. కనుక వండూరు పడవకు తొందరపడువారు ఒక గడియ ముందుగా బయలుదేరుదురు గాక. గరాచర్మలో బండి ఆపి టీ త్రాగుచు, అంగడిలోని పెద్దను 'మీ తాతగారిది ఏ ఊరు?' అని అడుగుదురు గాక. ఆ జవాబు బెంగాలు కావచ్చును, మలబారు కావచ్చును, బరంపురము కావచ్చును. ఏ ఊరైనను, అది ఏ మార్గదర్శినిలోను అచ్చుకాని పుట.