చిన్న కాలేజీలో విద్యార్థుల తరఫున మాట్లాడేదెవరు? కౌన్సిల్, సీఆర్, కమిటీల పూర్తి వివరాలు

హైదరాబాద్: కాలేజీలో విద్యార్థుల తరఫున మేనేజ్‌మెంట్‌తో మాట్లాడే బృందాన్ని స్టూడెంట్ కౌన్సిల్ అంటారు. కొన్ని చోట్ల స్టూడెంట్స్ యూనియన్ అంటారు. ఆ బృందాన్ని ఎవరు ఎంచుకున్నారన్న దగ్గరే అసలు తేడా వస్తుంది. విద్యార్థులు ఓటేసి గెలిపించిన ప్రతినిధి విద్యార్థులకు జవాబు చెప్పుకోవాలి. ప్రిన్సిపాల్ పేరు రాసి నోటీసు బోర్డులో పెట్టిన ప్రతినిధి ముందుగా ప్రిన్సిపాల్ వైపే చూస్తాడు. ఐటీ కారిడార్‌లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఒకే రోడ్డు, రెండు పద్ధతులు

గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో ఏర్పడింది. అక్కడ విద్యార్థులు నేరుగా ఓటేసి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శితో పాటు సాంస్కృతిక, క్రీడా కార్యదర్శులను ఎన్నుకుంటారు. ఆ పక్కనే ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ యూనివర్సిటీ, అంటే మనూ, 1998లో మొదలైంది. అక్కడా ఎన్నికైన విద్యార్థి సంఘం పనిచేసింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ అదే 1998లోనే.

ఈ క్యాంపస్‌లు దాటి నాలుగు అడుగులు వేస్తే, రాష్ట్ర యూనివర్సిటీలకు అనుబంధంగా ఉన్న ప్రైవేట్ డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలు వస్తాయి. వాటిలో మామూలుగా యూనియన్ ఎన్నికలు ఉండవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి. క్యాంపస్ గొడవలే కారణమన్నారు. తెలంగాణ వచ్చాక కూడా ఆ పద్ధతి మళ్లీ గాడిన పడలేదు. అప్పట్లో కాలేజీలో ఓటేసిన వాళ్ల పిల్లలు ఇప్పుడు ఓటన్నదే చూడకుండా డిగ్రీ పూర్తి చేస్తున్నారు.

లింగ్డో కమిటీ ఏం చెప్పింది?

మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో నాయకత్వంలోని కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది. విద్యార్థి ఎన్నికలన్నీ ఆ సిఫార్సుల ప్రకారమే జరగాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబర్ 22న ఆదేశించింది.

నామినేషన్ పద్ధతిలో చాలా లోపాలున్నాయని, దాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలని కమిటీ స్పష్టంగా రాసింది. అన్ని సంస్థలూ 5 ఏళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలని చెప్పింది. ఆ లెక్కన గడువు ఎప్పుడో దాటిపోయింది.

చిన్న క్యాంపస్, తక్కువ మంది విద్యార్థులు ఉన్నచోట నేరుగా ఎన్నిక సరిపోతుందని కమిటీ చెప్పింది. అందుకు చూపిన ఉదాహరణల్లో ఢిల్లీ జేఎన్‌యూతో పాటు మన హైదరాబాద్ యూనివర్సిటీ కూడా ఉంది. ఇంకో దారి కూడా ఉంది. ముందు క్లాసు ప్రతినిధులను ఎన్నుకుంటారు, ఆ ప్రతినిధులు కలిసి ఆఫీస్ బేరర్లను ఎన్నుకుంటారు. ఐదారు సెక్షన్లున్న కాలేజీకి ఈ దారిలో ఖర్చు తక్కువ, హడావుడీ తక్కువే.

పోటీకి నిబంధనలు కూడా గట్టివే:

• అభ్యర్థి రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి. హాజరు కనీసం 75 శాతం ఉండాలి. పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు.
• డిగ్రీ విద్యార్థులకు వయసు 17 నుంచి 22 ఏళ్లు. రీసెర్చ్ వాళ్లకు గరిష్ఠంగా 28.
• ఒక్కో అభ్యర్థి ఖర్చు రూ. 5,000 మించకూడదు. పార్టీల డబ్బు వాడకూడదు. ఫలితాలొచ్చిన 2 వారాల్లో లెక్కలు చూపించాలి.
• అచ్చు పోస్టర్లు, లౌడ్‌స్పీకర్లు కుదరవు. చేత్తో రాసిన పోస్టర్లు, అవీ చెప్పిన చోటే అంటించాలి.
• కులం, మతం పేరుతో ఓట్లు అడగరాదు. మసీదు, గుడి, చర్చి ఏదైనా సరే, ప్రచారానికి వాడరాదు.
• నామినేషన్ నుంచి ఫలితం దాకా మొత్తం 10 రోజుల్లో ముగియాలి.

ఎన్నికలంటే గొడవలే అనేవాళ్లు ఈ జాబితాను ఒకసారి చదవాలి. గొడవలకు దారితీసే డబ్బు, పార్టీల జోక్యం, మతం పేరుతో ప్రచారం, అన్నిటికీ ఇందులో అడ్డుకట్ట ఉంది.

ఎన్నికలు లేని కాలేజీలో ఏముంటుంది?

మొదటి మెట్టు క్లాస్ రిప్రజెంటేటివ్, అంటే సీఆర్. చాలా చోట్ల సెక్షన్‌కు ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉంటారు. లెక్చరరే పేరు చెప్పడమో, క్లాసులో చేతులెత్తించడమో జరుగుతుంది. టైమ్‌టేబుల్ మార్పు, ఇంటర్నల్స్ తేదీ, బస్సు ఆలస్యం లాంటివి సీఆర్ ద్వారానే ఆఫీసుకు చేరతాయి.

రెండో మెట్టు కాలేజీ కౌన్సిల్. ఫెస్ట్, స్పోర్ట్స్, ఫ్రెషర్స్ పార్టీ ఎక్కువగా దీని పనే. న్యాక్ గుర్తింపు కోసం ఉండే నాణ్యత విభాగం ఐక్యూఏసీలోనూ ఒక విద్యార్థి ఉండాలి.

మూడో మెట్టు గురించి చాలామందికి తెలియదు. అది నిబంధనల ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన కమిటీలు. ప్రిన్సిపాల్‌కు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇవి ఉండాల్సిందే.

ర్యాగింగ్ నిరోధక కమిటీ: యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ఇందులో కొత్త విద్యార్థులు, సీనియర్లు ఇద్దరి ప్రతినిధులూ ఉండాలి.

అంతర్గత ఫిర్యాదుల కమిటీ: లైంగిక వేధింపుల ఫిర్యాదులు వింటుంది. విద్యార్థులకు సంబంధించిన కేసైతే డిగ్రీ, పీజీ, రీసెర్చ్ స్థాయిల నుంచి ముగ్గురు విద్యార్థులు ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. వాళ్లను పారదర్శకంగా, ప్రజాస్వామ్య పద్ధతిలో ఎన్నుకోవాలని కూడా అందులోనే రాసి ఉంది. యూనియన్ ఎన్నికలు లేని కాలేజీకి కూడా ఇది వర్తిస్తుంది.

విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ: యూజీసీ 2023 నిబంధనల కింద ఏర్పడుతుంది. ఇందులో ఒక విద్యార్థిని ఏడాది కాలానికి ప్రత్యేక ఆహ్వానితుడిగా తీసుకుంటారు. అయితే అది ఎన్నిక కాదు. చదువు, క్రీడలు, ఇతర కార్యక్రమాల్లో ప్రతిభ చూసి నామినేట్ చేస్తారు.

ఫిర్యాదు ఎలా ముందుకు వెళ్తుంది?

ప్రాస్పెక్టస్‌లో చెప్పినదానికంటే ఎక్కువ డబ్బు అడగడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపి ఫీజు కట్టమనడం, స్కాలర్‌షిప్ చెల్లింపులో ఆలస్యం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళా, దివ్యాంగ విద్యార్థులపై వివక్ష... ఇవన్నీ 2023 నిబంధనల్లో ఫిర్యాదు కిందకే వస్తాయి. కమిటీ వీలైనంత వరకు 15 పనిదినాల్లో రిపోర్ట్ ఇవ్వాలి, దాని కాపీ విద్యార్థికీ అందాలి. న్యాయం జరగలేదనిపిస్తే ఆ నిర్ణయం అందిన 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీల్ చేసుకోవచ్చు. అనుబంధ కాలేజీల పిల్లలకూ ఈ హక్కు ఉంది.

అందుకే నోటిమాటగా చెప్పి ఊరుకోకూడదు. తేదీ వేసి రాతపూర్వకంగా ఇవ్వాలి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. కాగితం లేకపోతే 15 రోజుల లెక్క ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు.

డబ్బు లెక్క

కౌన్సిల్‌కు నిజంగా అధికారం ఉందా లేదా అన్నది ఖాతా చూస్తే తెలిసిపోతుంది. ఉదాహరణకు 1,000 మంది ఉన్న కాలేజీ ఒక్కొక్కరి నుంచి యాక్టివిటీ ఫీజు రూ. 500 తీసుకుందనుకుందాం. ఏడాదికి రూ. 5 లక్షలు అవుతుంది. ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో కౌన్సిల్‌ను అడిగారా? ఖర్చయ్యాక లెక్క నోటీసు బోర్డులో పెట్టారా? ఈ రెండింటికీ జవాబు లేదంటే, ఆ కౌన్సిల్ ఫెస్ట్ రోజు కుర్చీలు సర్దడానికే పనికొస్తుంది.

సీఆర్‌ను చేతులెత్తి కాకుండా చీటీల మీద రహస్య ఓటుతో ఎన్నుకోవడం, మీటింగ్‌లో ఏం తేలిందో ఒక రిజిస్టర్‌లో రాయడం, ఏడాదికోసారి లెక్క చదివి వినిపించడం. ఈ మూడు పనులకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే వచ్చే సెమిస్టర్‌లోనే మొదలుపెట్టొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండితే అసెంబ్లీకి, పార్లమెంటుకు ఓటేసే హక్కు ఇచ్చాం. అదే పిల్లలను తమ క్లాసు ప్రతినిధిని ఎన్నుకోనివ్వడానికి కాలేజీలు ఇంకా వెనకాడుతున్నాయి.