జాకీ

ఇంగ్లండులో జాన్ అనే పేరుకు ముద్దుపేరు జాక్. అది ఎంత మామూలైపోయిందంటే, ఊరూ పేరూ తెలియని పనికుర్రాడినైనా జాక్ అనే పిలిచేవారు. తర్వాత ఆ కుర్రాడి చాకిరీ చేసిపెట్టే పనిముట్లకూ అదే పేరు దక్కింది: బూటు ఊడదీసే చెక్కకు, మాంసపు చువ్వను నిప్పు మీద తిప్పే యంత్రానికి, బరువులెత్తే సాధనానికి. మన మెకానిక్‌ల నోట అది జాకీ అయింది. గుర్రప్పందేల జాకీ కూడా ఈ వంశంవాడే, జాక్‌కు ఉన్న స్కాట్లండు రూపం నుంచి పుట్టాడు.

తెలుగులో ఈ మాట ఇంకా దూరం వెళ్లింది. రోడ్డు కంటే పల్లమైపోయిన ఇళ్లను జాకీలతో ఎత్తిస్తున్నాం. సత్తా లేని నాయకుణ్ణి ఎవరైనా తెగ పొగుడుతుంటే "జాకీలు పెట్టి లేపుతున్నారు" అంటాం. ఎంత సరైన నుడికారం! జాకీ పని లేపడమే, మోస్తూ నిలబడడం కాదు.

ఇంట్లో సస్పెన్షన్ పనికి కారు ఎత్తేవారు మరవకూడనిది ఇదే. గట్టి సమతల నేల కావాలి, నేల మీదుండే చక్రాలకు అడ్డు పెట్టాలి, కంపెనీ పుస్తకం చూపిన చోటే జాకీ ఆనించాలి. హైడ్రాలిక్ జాకీలో సీలు కారితే బండి కిందికి దిగిపోతుంది. అందుకే బరువును స్టాండ్ల మీదికి దించి, కారును ఊపి చూశాకే చక్రం విప్పాలి. స్టాండ్లు లేవా? పని వాయిదా వేయండి, కారు కిందికి మాత్రం దూరకండి.